పదకొండూ నలభైకి మొగులయ్య కన్ను

వీరేందర్ ఆరేళ్ల పిల్లవాడుగా ఉన్నప్పుడు భుజాల మీద కూర్చోబెట్టుకుని బడికి మోసినవాడు మొగులయ్య. తాను అయిదో తరగతితో బడి మానేసినా బామ్మర్ది మానకూడదని, ఎయిర్‌పోర్టు రన్‌వే పనుల్లో సెంట్రింగ్ కూలీగా చేరి, సిమెంటు నీళ్లలో చేతులు నానబెట్టి, వాడి డిగ్రీ ఫీజులు కట్టినవాడూ మొగులయ్యే. పెళ్లిపందిట్లో తండ్రి లేని లోటు తెలియకుండా పెద్దరికం నిలబెట్టింది కూడా ఆయనే. ఇన్ని చేయించుకున్న వీరేందర్, బావ బతికుండగానే బావ భూమిని తన పేరు మీద రాయించుకున్నాడు.

మొన్న పాసుపుస్తకం నకలు కోసం పోతే కంప్యూటర్లో వీరేందర్ పేరు కనబడింది. అప్పటి నుంచి కొత్వాల్‌గూడలోని ఆ రెండు గదుల ఇంట్లో పొయ్యి వెలుగుతోంది గాని మాట పుట్టడం లేదు.

మొగులయ్య భార్య రుక్మిణమ్మ వీరేందర్‌కు సొంత అక్క. తమ్ముణ్ణి తిట్టనూ లేదు, వెనకేసుకు రానూ లేదు. అదే మొగులయ్యకు అన్నిటికంటే ఎక్కువ మండుతోంది.

"తిట్టవేందే? నీ తమ్ముడేనాయె. ఒక్క మాటన్న తిట్టు, నా కడుపు సల్లబడతది," అన్నాడు పొద్దున్నే గడప మీద కూర్చుని.

రుక్మిణమ్మ చేటలో బియ్యం పోసుకుని రాళ్లు ఏరుతోంది. తల ఎత్తలేదు.

"సంచి బియ్యంల రాళ్లెక్కడియి? ఏం ఏరుతున్నవ్?"

ఆమె చేట పక్కన పెట్టి, లేచి, వెనక వాకిట్లోకి వెళ్లిపోయింది. బకెట్‌లో నీళ్లు పడుతున్న చప్పుడు వినిపించింది. బకెట్ నిండినా నల్లా కట్టేసిన చప్పుడు మాత్రం వినిపించలేదు.

అప్పుడు వచ్చింది మనీషా, స్కూటీని గేటు బయటే ఆపి, ఇంజను కూడా బంద్ చేయకుండా. మొగులయ్యకు ఒక్కతే కూతురు. ఎయిర్‌పోర్టు పక్కన సరుకుల గోదాములో లెక్కలు రాసే పని. ఈ రోజు సెలవు పెట్టింది.

"బాపు, చెప్పులేస్కో. కరీం చాచా ఫోన్ చేసిండు. రిజిస్ట్రేషన్ కాగితం నకలు దొరికిందంట. నీ వేలు లేదంట దాంట్ల. కన్నుందంట."

"కన్నేంది?"

"బండెక్కు, చెప్త."

మొగులయ్య ఒక్క ఉదుటున లేచాడు. రెండు రోజులుగా మంచానికీ గడపకూ మధ్య తిరిగిన మనిషి, చొక్కా గుండీలు దారిలోనే పెట్టుకున్నాడు. వెనక వాకిట్లో రుక్మిణమ్మ నల్లా కింద చేతులు పెట్టి అలాగే నిలబడి ఉంది. ఎక్కడికని అడగలేదు.

దారిలో మనీషా అరుస్తూ చెప్పింది, గాలికి సగం మాటలు ఎగిరిపోతుంటే మిగిలిన సగాన్ని ఆయన కూడబెట్టుకున్నాడు. మొగులయ్య వేళ్ల మీద గీతలు ఎన్నడో సిమెంటు తినేసింది. ఏ మిషన్ మీద వేలు పెట్టినా ఎర్ర లైటే. అందుకే రిజిస్ట్రేషన్‌లో వేలికి బదులు కన్ను పెట్టించారు. అయితే ఆ రిజిస్ట్రేషన్‌కు మొగులయ్య పోనే లేదు. అంటే ఎవడో ఒకడు మొగులయ్యనని కూర్చుని తన కన్ను పెట్టి ఉండాలి. ఆ కన్ను ఎవరిదో తేలితే వీరేందర్ దొరికినట్టే.

"కన్ను ఒకరిది ఒకరికి కలవదా?" అనడిగాడు ఆమె చెవి దగ్గర నోరు పెట్టి.

"మా గోదాము గేటు కన్నుతోనే తెరుచుకుంటది బాపు. మా దగ్గర శోభ, రేఖ అని కవల పిల్లలున్నరు. ఎవరు ఎవరో నాకే తెల్వది. మిషన్‌కు తెలుస్తది. నీ కుడి కన్ను, ఎడమ కన్ను గూడ ఒకటి కావు."

"ఆరి, నాయే నాకు కలవయా?" మొగులయ్య నవ్వాడు. మొన్నటి నుంచి అదే మొదటి నవ్వు. "అంటే కన్నొక్కటే మనకు సొంతమన్నట్టు. దానికి పట్టా గూడ అక్కర్లేదు."

ఒక విమానం చక్రాలు చాపుకుని వాళ్ల నెత్తి మీదుగా దిగిపోయింది. ఆ చక్రాలు ఆనే కాంక్రీటులో తన చేతి గీతలు ఉన్నాయని మొగులయ్య ఎప్పుడూ అనేవాడు. ఇవాళ అనలేదు. ఇవాళ ఆయన ధ్యాసంతా కళ్ల మీదే ఉంది. స్కూటీ అద్దంలో తన కళ్లను తానే చూసుకున్నాడు, ఎవరివో కొత్తవి చూసినట్టు.

కరీం శంషాబాద్ పాత రోడ్డు మీద రేకుల షెడ్డులో ముప్పై ఏళ్లుగా దస్తావేజులు రాస్తున్నాడు. ఒకప్పుడు టైపు మిషన్ ఉన్న బల్ల మీద ఇప్పుడు ప్రింటరుంది. మొగులయ్య తండ్రి పేర పట్టా కాగితం రాసింది కూడా ఆయనే. వీళ్లను చూడగానే ఆయన లేచి నిలబడ్డాడు గాని, ఆ ముఖంలో మనీషా ఆశించిన సంబరం లేదు.

"కూసో మొగులన్నా. చాయ్ తాగుతవా?"

"చాయ్ తర్వాత భాయ్. ఎవనిది ఆ కన్ను? అది చెప్పు ముందు."

కరీం కాగితాన్ని బల్ల మీద తిప్పి పెట్టాడు. "నీదే."

మనీషా ముందుకు వంగింది. మొగులయ్యకు అర్థం కాలేదు.

"మిషన్ కన్ను తీసుకున్నదంటే, ఆధార్‌ల ముందే ఉన్న నీ కన్నుతోని కలిపి చూసే తీసుకుంటది. వేరేటోనిదైతే గిక్కడ ఫెయిల్ అని పడతది. కలిసిందని పడ్డది. అది నీ కన్నే, మొగులన్నా."

షెడ్డు బయట లారీ ఒకటి వెనక్కు తిరుగుతూ చాలాసేపు కూత పెట్టింది.

తాను ఆ ఆఫీసు మెట్లు ఎక్కలేదని మొగులయ్య మూడుసార్లు చెప్పాడు. నాలుగోసారి చెప్పబోతే కరీం చేయి అడ్డం పెట్టి, ఎక్కావని కాగితం కూడా అనలేదన్నాడు. అమ్మేవాడు మంచం పట్టి కదలలేని స్థితిలో ఉన్నందున, కొత్వాల్‌గూడలో అతని ఇంటికే వెళ్లి కన్ను తీసుకున్నారట. తారీకుంది, గంటా నిమిషమూ ఉన్నాయి. పోయిన మార్చి తొమ్మిది, పొద్దున పదకొండూ నలభై.

"మంచం పట్టిన్నా నేను? మార్చిల? గప్పుడు కందుకూరుల స్లాబు పని నడుస్తుండె నాది."

"అదే నేను అడుగుత. మార్చిల నీ కంటికాడ ఎవడన్న డబ్బా పట్టిండా?"

మొగులయ్య ఏ డబ్బా అని చెప్తాడు? వేలు పడనప్పటి నుంచి రేషన్ షాపు డీలరు నెలనెలా కంటికి డబ్బా పడతాడు. సిమ్ కొన్నప్పుడు కుర్రాడు పట్టాడు. ఖాతా తెరిస్తే బ్యాంకు మిత్ర పట్టింది. మొదట్లో భయమేసేది. తర్వాత తర్వాత, ఎవరైనా నల్ల డబ్బా ముఖం ముందుకు తెస్తే చాలు, అడక్కుండానే కళ్లద్దాలు తీసి రెప్పలు విప్పడం అలవాటైపోయింది. తాళం చెవిని ఊళ్లో ప్రతి చేతికీ ఇచ్చి తిరిగినట్టు తిరిగాడు ఇన్నేళ్లూ.

మనీషా అప్పటికే ఫోన్‌లో మార్చి తొమ్మిదిని వెతుకుతోంది. ఒక్కసారిగా ఆమె చేయి ఆగింది.

"బాపు. గీ రోజు నువ్వు ఇంట్ల లేవు. కందుకూరుల గూడ లేవు. చూడు."

కుటుంబమంతా ఉండే గ్రూపులో ఆ రోజు వీరేందర్ పెట్టిన ఫొటో. నల్ల అద్దాలు పెట్టుకుని ఫంక్షన్ హాలు కుర్చీలో కూర్చున్న మొగులయ్య, పక్కన రుక్మిణమ్మ, వెనక ఇద్దరి భుజాల మీద చేతులేసి పళ్లన్నీ కనిపించేలా నవ్వుతున్న వీరేందర్. కింద రాసుకున్నాడు, అక్కాబావలకు ఫ్రీ కంటి పరీక్ష చేయిస్తున్నానని. ఇరవై ముగ్గురు మెచ్చుకున్నారు.

మొగులయ్య కుర్చీలోంచి లేచాడు. ఆ రోజంతా ఒక్కొక్కటే గుర్తుకొస్తోంది. ఆదివారం. శంషాబాద్ ఫంక్షన్ హాల్లో ట్రస్టు వాళ్లు పెట్టిన కంటి క్యాంపు. కంటిని చూసి షుగరు కూడా చెప్తారన్నాడు వీరేందర్, సూది కూడా గుచ్చరన్నాడు, కారు తెచ్చి మరీ తీసుకుపోయాడు. ఒక ముసల్మాను పిల్ల కంట్లో చుక్కల మందేసి పెద్ద మిషన్ ముందు గడ్డం ఆనించమంది. అది అయ్యాక బయట వరండాలో ఇంకొకడు. చిన్న నల్ల డబ్బా. దాంట్లో చూడమన్నాడు. పడలేదు. మళ్లీ చూడమన్నాడు. మూడోసారికి కీచుమంది.

"సంతకం పెట్టినవా?" కరీం గొంతు కూడా పైకి లేచింది.

"పెట్టిన. కండ్లద్దాలు ముట్టినయని పెట్టుమన్నడు వీరేందర్. కంట్ల మందేసిన్రు గద భాయ్, అక్షరాలన్ని నీళ్లల్ల పడ్డట్టు కనవడ్డయ్. నేను కూడబలుక్కోని సదువుత నీకెర్కే. ఆ పొద్దు నాకు నా పేరే కనవళ్లే."

కరీం బల్ల మీద అరచేత్తో కొట్టాడు. కాగితం ప్రకారం మొగులయ్య ఆ నిమిషంలో ఇంట్లో మంచం మీద ఉండాలి. అతను తన కాళ్ల మీద తాను నిలబడి తొమ్మిది కిలోమీటర్ల దూరంలో ఉన్నాడని రుజువైతే చాలు, మొత్తం దస్తావేజు అబద్ధం. అయితే గ్రూపు ఫొటో పనికిరాదన్నాడు, అది ఎప్పుడైనా తీసి ఎప్పుడైనా పెట్టొచ్చు. కంటి డాక్టర్ల మిషన్ బొమ్మ తీస్తే దాని మీద టైము దానంతటదే పడుతుంది. అది కావాలి.

"పోండ్రి. ట్రస్టు దవాఖాన సర్వీసు రోడ్డు మీదనే. రెండు గంటలకు బంద్ చేస్తరు."

మనీషా మిగిలిన పేజీలు తీసుకోబోయింది. కరీం మొదటి రెండే ఇచ్చి, చివరి పేజీ మీద తన కళ్లజోడు డబ్బా పెట్టాడు. ముందు అక్కడికి పోయి రండి, ఇది ఎక్కడికీ పోదు అన్నాడు. మొగులయ్య అది చూశాడు. చూసి కూడా ఆగలేదు. ఆయనకు ఇరవై ఏళ్ల వయసు వెనక్కి వచ్చినట్టుంది. స్కూటీ తీసేదాకా ఆగే కంటే తానే పరిగెత్తితే ముందు చేరతాననిపించింది.

ట్రస్టు దవాఖానలో కంప్యూటర్ దగ్గర కూర్చున్న పిల్ల పేరు సనోబర్. చూడగానే మొగులయ్య గుర్తుపట్టాడు, గడ్డం ఆనించమన్న పిల్ల. ఇలాంటివి బయటివాళ్లకు చూపించడం కుదరదని ముందు ఆమె అంది. బయటివాళ్లెవరమ్మా, నా కన్నే గదా అన్నాడు మొగులయ్య. ఆమె నవ్వేసి, కార్డు నంబరు అడిగి వెతికింది.

తెర నిండా ఎర్రటి గుండ్రటి బొమ్మ వచ్చింది, పున్నమి చందమామను కుంకుమలో ముంచినట్టు. దాని మీద సన్న సన్నని నరాలు. తన కంటి లోపల అంత పెద్ద లోకం ఉందని మొగులయ్యకు తెలియదు. మనీషా మాత్రం బొమ్మను చూడనే లేదు, కింది మూలనున్న అంకెలను చూసింది.

"బాపు. పదకొండూ ముప్పై ఆరు."

"ఎంత?"

"పదకొండూ ముప్పై ఆరు. మార్చి తొమ్మిది."

మొగులయ్య వేళ్లు మడిచి లెక్కపెట్టాడు. నాలుగు నిమిషాలు. ఈ మిషన్ ముందు గడ్డం ఆనించిన మనిషి నాలుగు నిమిషాల్లో లేచి, తొమ్మిది కిలోమీటర్లు పోయి, మంచం పట్టి, కదలలేని రోగి అయిపోవాలి. ఆయనకు గట్టిగా కూత పెట్టాలనిపించింది. గోడ మీద నిశ్శబ్దం అని రాసి ఉండడం వల్ల ఊరుకుని, కూతురి భుజం పట్టి ఊపేశాడు. దొరికిండు బిడ్డా, దొరికిండు అని గొణిగాడు. టైముతో సహా ఒక నకలు కావాలంటే సనోబర్ ప్రింటు పెట్టింది. మందేసిన కన్ను అంత తొందరగా చిన్న మిషన్‌లో పడదని, కంటి పాప పెద్దదవుతుందని, అందుకే మూడుసార్లు పట్టి ఉంటారని కూడా చెప్పింది. కావాలంటే అది కాగితం మీద రాసిస్తానంది.

ప్రింటు వస్తుండగా ఆ పిల్ల బొమ్మను పెద్దది చేసి చూసింది. ఆమె కనుబొమలు దగ్గరపడ్డాయి.

"అంకుల్, లేజర్ చేయించుకున్నరా?"

"ఏం లేజరమ్మా?"

"గీ చుక్కలు చూసిన్రా. నరాలు పగిలి నెత్తురు ఊరుతున్నది. షుగర్‌తోని. గప్పుడే నెల లోపల రమ్మని చెప్పినం. పదకొండు నెలలైంది."

"నాకెవ్వరు చెప్పలే."

సనోబర్ తెల్లబోయి, అరలోంచి పాత రిజిస్టరు తీసింది. పెద్ద రోగం బయటపడిన వాళ్ల ఇంటి మనిషిని పిలిచి, చెప్పి, చెప్పినట్టు సంతకం తీసుకోవడం అక్కడ రివాజు. పేజీ దొరికింది. మొగులయ్య పేరు, పక్కన ఫోన్ నంబరు. ఆ నంబరు వీరేందర్‌దని మనీషాకు చూడగానే తెలిసింది. ఆ పక్కన సంతకం.

సాక్షరత క్లాసులో నేర్చుకున్న సంతకం అది. రు కొమ్ము ఎప్పుడూ కింది గీత దాటి పోతుంది, మ్మ పక్కకు ఒరిగిపోతుంది. రుక్మిణమ్మ.

మనీషా రిజిస్టరును మూయబోయింది. మొగులయ్య చేయి అడ్డం పెట్టి, ముక్కు ఆనేంత దగ్గరికి వంగి చూశాడు.

"మీ అమ్మదే," అన్నాడు.

సరిగ్గా ఏమనుకోవాలో ఆయనకు తెలియలేదు. రోగం దాచింది, అంతే గదా. ఆడమనిషి, భయపడి ఉంటుంది. సంతోషం ఇంకా ఒంట్లో ఉరకలేస్తూనే ఉంది, దాన్ని ఇప్పుడిప్పుడే దిగనివ్వడం ఆయనకు ఇష్టం లేదు. ప్రింటు కాగితాన్ని నలగకుండా చొక్కాలో పెట్టుకుని, మళ్లీ కరీం దగ్గరికి పోనిమ్మన్నాడు.

కరీం ప్రింటు చూసి షబాష్ అన్నాడు. పోలీసు ఫిర్యాదు కాగితం సగం రాసి పెట్టే ఉంచాడు. దీన్ని చూపించి దస్తావేజును నిలబడనివ్వను, భూమి తిరిగి నీ పేరు మీదికి రాకుంటే నా గడ్డం తీయించుకుంటా అన్నాడు. ఆ తర్వాత కళ్లజోడు డబ్బా ఎత్తి, చివరి పేజీని మొగులయ్య వైపు మెల్లగా జరిపాడు.

"గిది నువ్వు చూడాలె అన్నా."

అమ్మేవాడు మంచం పట్టి ఉన్నాడనీ, అతను తన భర్తేననీ, తన ఎదుటే కన్ను తీసుకున్నారనీ సాక్షి చెప్పిన మాటలు. కింద సంతకం. రు కొమ్ము గీత దాటి పోయింది.

కరీమే చెప్పాడు. ఫిర్యాదులో సాక్షి పేరు వదిలేస్తే వీరేందర్ రేపు ఆమెనే తన సాక్షిగా కోర్టుకు తెస్తాడు. భార్యే చెప్తుంటే మిషన్ మాట ఎవరు వింటారు? రాస్తే మాత్రం మొదటి ముద్దాయి వీరేందర్, రెండో ముద్దాయి రుక్మిణమ్మ. మధ్యలో దారి లేదు.

"ఇంటికి పోయి మాట్లాడుకో," అని ఫిర్యాదు కాగితాన్ని కవరులో పెట్టి ఇచ్చాడు. "పేర్లు, పోయిన ఆస్తి వివరం నువ్వే నింపు. నీ చేతి రాత ఉండాలె."

ఇంటికి వచ్చేసరికి రుక్మిణమ్మ అన్నం వండి, రెండు కంచాలు పెట్టి కూర్చుంది. మొగులయ్య కంటి బొమ్మ ప్రింటునూ, దస్తావేజు చివరి పేజీనీ ఆమె ముందు పక్కపక్కన పెట్టాడు. ఆమె బొమ్మను చూడలేదు. తన సంతకాన్ని చూసింది.

"ఆ పిల్ల చెప్పంగనే నాకు కాళ్లు చేతులు ఆడలే," అంది రుక్మిణమ్మ. రెండు రోజుల తర్వాత ఆమె నోటి నుంచి వచ్చిన మొదటి మాట అది. "కన్ను పోతదన్నది. తమ్ముడేమన్నడంటే, బావకు చెప్తే దిగులుతోని పని బంద్ చేసి కూసుంటడు, చూపు లేనోని చేత బ్రోకర్లు ఏది పడితే అది రాపిచ్చుకుంటరు, జరన్ని రోజులు నా పేరు మీద పెడదం, మందు ఇప్పిచ్చినంక మళ్ల బావకే రాస్త అన్నడు."

"మంచం పట్టిండని సాక్షం జెప్పినవ్."

"ఏం రాసి ఉన్నదో నాకు తెల్వది. పెట్టుమన్నడు, పెట్టిన. భూమి వాని పేరు మీదికి పోతున్నదని మాత్రం తెలుసు. నీతోని అబద్ధమాడ, తెలుసు."

"మందు ఇప్పిచ్చిండా మరి?"

పదకొండు నెలలుగా తమ్ముడికి ఎన్నిసార్లు ఫోన్ చేసిందో, వచ్చే నెల, దసరా పోనీ, సంక్రాంతి పోనీ అని వాడు ఎలా జరిపాడో మనీషా అడిగి అడిగి చెప్పించింది. తనకు చేతనైంది తాను చేశానంది రుక్మిణమ్మ. చాయ్‌లో చక్కెర మాన్పించింది. వద్దని మొత్తుకున్నా కాకరకాయ వండింది. పొద్దున్నే లేవగానే క్యాలెండరులో తారీకు చూసి చెప్పమని అడిగేది, ఆయనకు కనిపిస్తోందో లేదో తెలుసుకుందామని.

మొగులయ్యకు ఆ క్యాలెండరు సంగతి గుర్తొచ్చింది. చదువు రానట్టు రోజూ తారీకు అడుగుతుందేమిటని ఎన్నిసార్లు కసిరాడో.

"కన్ను నాది," అన్నాడు. "భూమి పోతే పోయింది, రుక్మిణీ. నా కన్ను పోతున్నదని నాకు చెప్పవద్దా? మిషన్‌కు తెలుసు, ఆ పిల్లకు తెలుసు, వీరేందర్‌కు తెలుసు, నీకు తెలుసు. నాకొక్కనికే తెల్వదు."

అప్పుడు మోగింది రుక్మిణమ్మ ఫోన్, బియ్యం డబ్బా మీద. తెర మీద వీరేందర్ ముఖం, అదే పళ్ల నవ్వు. ఆమె భర్త వైపు చూసింది. ఫోన్ ఎత్తి, అందరికీ వినిపించే మీట నొక్కి, కంచాల మధ్య పెట్టింది.

"అక్కా, బావ దవాఖానకు పోయిండంట, కరీం కాడికి పోయిండంట. ఎవలో చెప్పిన్రు." వీరేందర్ గొంతు తొందరలో ఉంది గాని భయంలో లేదు. "పరేషాన్ గాకు. ఎల్లుండి పది గంటలకు కొనే పార్టీ పేర రిజిస్ట్రేషన్ పెట్టుకున్న. నీ సంతకం ఉన్నన్ని రోజులు బావ నన్నేం చెయ్యలేడు. నన్ను పట్టియ్యాల్నంటే నిన్ను పట్టియ్యాలె. ఆయన ఆ పని చేస్తడా? నువ్వు జర ఆయనను ఇల్లు కదలనియ్యకు."

"వీరేందర్," అంది రుక్మిణమ్మ.

"ఆఁ అక్కా."

"ఆయన కన్ను పోతున్నదిరా."

"చూద్దాం లే అక్కా. ముందు ఎల్లుండి కానీ."

ఆమె ఫోన్ కట్టేసింది. కవరులోంచి ఫిర్యాదు కాగితం తీసి, మనీషా సంచిలో పెన్ను వెతికి, రెండూ మొగులయ్య ముందు పెట్టింది. ఏడవలేదు. పొద్దుటి నుంచి ఏరుతున్న రాయి ఏదో చేతికి దొరికినట్టుంది ఆమె ముఖం.

"రాయి," అంది. "ఎల్లుండి పదికి ముందు స్టేషన్ల ఇయ్యాలె. నా పేరు గూడ రాయి."

"అమ్మా, నిన్ను తీస్కపోతరు," అంది మనీషా.

"తీస్కపోనీ. వాడు నా సంతకం అడ్డం పెట్టుకున్నడు. ఆ అడ్డం తియ్యాలె గద."

మొగులయ్య పెన్ను పట్టుకున్నాడు. ఎల్లుండి పదికి ఇంక రెండు రాత్రులూ ఒక పగలూ. గెలుపు చొక్కా జేబులో టైముతో సహా ఉంది. ముద్దాయిల పేర్లు అన్నచోట ఒకటి అని వేసి, వీరేందర్ అని ఒత్తి ఒత్తి రాశాడు, కాగితం అవతలికి అచ్చు పడేలా. రెండు అని వేశాడు.

పెన్ను అక్కడే ఆగింది. కుడి కంటి మూల ఒక నల్ల చుక్క ఈదుతున్నట్టు కనిపించింది. రెప్ప కొట్టినా పోలేదు. ఇది ఎప్పటి నుంచి ఉందో, ఇన్నాళ్లూ దుమ్మనుకున్నాడో.

"రాయవేందయ్యా?" అంది రుక్మిణమ్మ.

రెండు పక్కన ఖాళీ వదిలేసి, ఆయన కింది గడిలోకి దిగాడు. పోయిన ఆస్తి వివరం అని ఉందక్కడ. అక్షరం అక్షరం కూడబలుక్కుంటూ రాశాడు. కొత్వాల్‌గూడ శివారు, తండ్రి నాటి మెట్ట, ఎకరం పదమూడు గుంటలు.